కాకతీయుల కొలువున మంత్రిపదవులు

రాజ్యమనునది యొక్కని భుజములపై నిలుచునది కాదు. ఇది యెఱిగియే మన ప్రాచీన నీతికారులు రాజ్యమునకు స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అని యేడంగములు చెప్పిరి. ఇందు స్వామి యనగా రాజు. అతని వెంటనే లెక్కకు వచ్చువాడు అమాత్యుడు. కోటయు, బొక్కసమును, సైన్యమును వాని తరువాతనే వచ్చినవి. గోడ కూలినచో మరల గట్టవచ్చును, ధనము పోయినచో మరల గూర్చవచ్చును. కాని కానియాలోచన విని రాజు చేసిన పని వలన గలుగు నష్టము తరతరములకు దీరదు. కాబట్టియే యీ క్రమము.

మన ఎనుమాముల పేరు వినగానే యెల్లరకు బత్తియు మిరపకాయలును వచ్చు పెద్ద మార్కెట్టు జ్ఞప్తికి వచ్చును. అచ్చటికి కొలది మైళ్ళ దూరముననే ఓరుగల్లు కోట కలదు. మన విద్యార్థులు విహారమునకై యచ్చటికి బోయి నాలుగు దిక్కుల నిలిచిన రాతితోరణములను జూచి యానందింతురు. అచ్చట రాజు కొలువుండెనని చెప్పుదుము. గణపతిదేవుని పేరును, రుద్రమదేవి పేరును, ప్రతాపరుద్రుని పేరును పసిపిల్లలకు సైతము దెలియును. కాని యా రాజుల ప్రక్కన గూర్చుండి యిది చేయదగును, ఇది చేయదగదు అని చెప్పినవా రెవరు? వారి పదవు లెట్టివి? ఈ ప్రశ్నకు యథాశక్తి సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట నొక మాట. కొన్ని దేశములందువలె, ఏ మంత్రి కే పని, ఎవరు ముందు, ఎవరు వెనుక అని సవిస్తరముగ నిర్ణయించిన శాసనగ్రంథము కాకతీయ రాజ్యమునుండి మనకు దక్కలేదు. గుళ్ళయెదుట నిలిపిన శిలాశాసనములే మనకు ముఖ్యాధారములు. దానము చేసినవాడు తన బిరుదులను, తన యుద్యోగమును ఱాతిపై జెక్కించెను. వానిని గూర్చుకొని మనము కొలువును గుర్తింపవలెను. ఆ శాసనములందు మహాప్రధాని, అమాత్యుడు, ప్రెగ్గడ, దండనాయకుడు, సాహిణి అను పేళ్ళు తఱచుగా గన్పట్టును. మహాప్రధాని యనగా మంత్రులలో బెద్ద. ప్రెగ్గడ యనునది మంత్రికి దేశీయమైన పేరు. అదియే కాలక్రమమున ప్రగడ యయ్యెను. భారతము తెలిగించిన కవులలో మూడవవాడైన ఎఱ్ఱాప్రగడ పేరున నున్నది యీ మాటయే. దండనాయకుడు సేనాపతి. సాహిణి గుఱ్ఱములకో, యేనుగులకో యధికారి. ఈ పదవులు వేఱువేఱుగ జెప్పబడినను, ఒకే పురుషుడు ఆలోచనయందు మంత్రిగను, యుద్ధమునందు సేనానిగను నుండుట సామాన్యమై యుండెను.

కాకతీయులు స్వతంత్రులు కాక పూర్వము కల్యాణ చాళుక్యులకు లోబడిన సామంతులు. అప్పటి మంత్రి యొకని వృత్తాంతము హనుమకొండలో పద్మాక్షిగుట్టపై గల 1117వ సంవత్సరపు శాసనమువలన దెలియుచున్నది. బేతరాజు కొలువున వైజదండాధినాథు డను మంత్రి యుండెను. అతడు తన ప్రభువును చాళుక్య చక్రవర్తి పాదసన్నిధికి గొనిపోయి, ఆతని యనుగ్రహమున సబ్బి వేయి యను నాడును బేతరాజునకు సంపాదించెను. ఇందు కత్తి దూసిన మాట లేదు. ఏ సమయమున నెవరిని దర్శింపవలెనో, ఏమి యడుగవలెనో యెఱిగిన వాని వివేకమే యొక నాడును దెచ్చినది. ఆ వైజుని కుమారుడు బేతన ప్రెగ్గడ తరువాతి రాజగు రెండవ ప్రోలరాజునకు మంత్రి యయ్యెను. ఈ బేతన భార్య మైలమ యా గుట్టపై కడలాలయ బసది యను జైనాలయమును గట్టించెను. తండ్రి తరువాత గుమారుడు మంత్రి యగుటయు, మంత్రి భార్య ధర్మకార్యమును దన పేరనే చేయుటయు నీ యొక్క శాసనమున గాననగును.

ప్రోలరాజు కుమారుడైన రుద్రదేవుడు స్వతంత్రుడయ్యెను. వేయిస్తంభముల గుడియొద్దనున్న 1163వ సంవత్సరపు శాసన మాతని విజయములను జెప్పును. ఆతని మంత్రి గంగాధరుడు. కరీంనగరమున లభించిన యీతని శాసనము రాజకార్యమునకు దోడు గుళ్ళను, ధర్మకార్యములను బేర్కొనుచున్నది. రాజ్యము పెరిగినకొలది మంత్రి చేతిలోని భారమును బెరిగెనని దీనివలన గ్రహింపవచ్చును.

అయితే మంత్రి విలువ సుఖకాలమున దెలియదు, ఆపత్కాలముననే తెలియును. రుద్రదేవుని తరువాత వచ్చిన మహాదేవుడు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మరణించెను. ఆతని కుమారుడు గణపతిదేవుడు శత్రువులచేత జిక్కెను. సింహాసనము శూన్యము, యువరాజు చెఱలో, సామంతులు తలయెత్తుటకు సిద్ధము. ఇట్టి సమయమున రేచర్ల రుద్రుడను సేనాని రాజ్యభారము వహించెను. అతనికి సైన్యము కలదు, ధనము కలదు, వంశము కలదు. తానే రాజునని చాటుకొనియున్నచో వారించువా రెవరు? కాని యాత డట్లు చేయలేదు. 1199 ప్రాంతమున గణపతిదేవుడు విడుదలయై వచ్చువఱకు రాజ్యమును గాపాడి, వచ్చినపిమ్మట దానిని దానియధిపతి కప్పగించెను. ఆతనికి కాకతిరాజ్యభారధౌరేయు డను బిరుదు గలదు. బండికాడిని మోయు నెద్దువలె రాజ్యభారమును మోసినవాడని దాని యర్థము. ఎంత గొప్ప మాట! బండి యెద్దుది కాదు. మోయుట మాత్రమే యెద్దు వంతు. ఈ రుద్రుడే 1213లో పాలంపేటయందు రుద్రేశ్వరాలయమును బ్రతిష్ఠించెను. దానినే మనము రామప్పగుడి యందుము. 2021వ సంవత్సరమున నది ప్రపంచ వారసత్వ స్థలముగ బరిగణింపబడినది. దానిని జూడబోవు బాలురు శిల్పములతోబాటు కట్టించినవాని నమ్మకమునుగూడ దలంచుకొందురుగాక.

గణపతిదేవుడు అఱువదేండ్లకు మించి రాజ్యము చేసెను. ఆతని కాలమున గొలువు మిక్కిలి విస్తరించినది. అప్పుడు వినవచ్చు పదవులలో విశేషమైనది బాహత్తర నియోగాధిపతి. బాహత్తర మనగా డెబ్బదిరెండు. నియోగములనగా రాజనగరునందలి యుద్యోగుల తెగలు. ఈ డెబ్బదిరెండు తెగలపై నధికారియైనవాడు కోటలోపలి సమస్త వ్యవహారమును జక్కబెట్టువాడు. గణపతిదేవుని కాలమున కాయస్థ వంశీయుడగు గంగయసాహిణి యీ పదవియం దుండెను. రుద్రమదేవి కాలమున పొంకల మల్లయప్రెగ్గడ యుండెను. ఒకడు సాహిణి, మఱియొకడు ప్రెగ్గడ. అనగా నీ పదవి యొక్క వృత్తివారికే కట్టుబడి యుండలేదని తేలుచున్నది.

గణపతిదేవుడు మనుష్యుల నేరుటయందు నేర్పరి. దివిసీమను జయించి, ఆ సీమ నేలిన వంశమువారి కన్యలగు నారాంబను, పేరాంబను వివాహమాడి, వారి సోదరుడగు జాయపను జేరదీసి, గుండామాత్యుని యొద్ద విద్య నేర్పించెను. ఓడిన వంశమునందలి బాలుడు గజసైన్యమున కధిపతి యయ్యెను. చేబ్రోలునందలి 1213వ సంవత్సరపు శాసన మా సంగతిని జెప్పును. ఆ జాయపసేనానియే తరువాత నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. శత్రువుల బాలునికి జదువు చెప్పించి తనవానిగ జేసికొనుటకంటె మంచి రాజనీతి యేది?

మంత్రులుగాక రాజున కాలోచన చెప్పువా డింకొకడు కలడు. ఆతడు రాజగురువు. రాజునకు జీతము తీసికొను మంత్రి భయపడవచ్చును. గురువునకు భయము తక్కువ. గణపతిదేవునకు దీక్ష నొసగిన గురువు విశ్వేశ్వర శివాచార్యుడు. ఈయనకు గణపతిదేవుడు కృష్ణానది దక్షిణపుగట్టుననున్న మందడ గ్రామమును సంకల్పింపగా, రుద్రమదేవి 1261లో దానిని స్థిరపఱచి, వెలగపూడిని గూడ జేర్చి యిచ్చెనని మల్కాపుర శాసనము తెలుపుచున్నది. గురువు తనకు వచ్చిన గ్రామముల యాదాయము నేమి చేసెనో చదివినచో నాశ్చర్యము కలుగును. దానిని మూడు పాళ్ళు చేసి, యొక పాలు దేవాలయమునకును, ఒక పాలు మఠమునకును విద్యార్థులకును, మూడవ పాలు ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును నేర్పఱచెను. వేదములు చెప్పుటకు మువ్వురు, వ్యాకరణ తర్క సాహిత్యాది శాస్త్రములు చెప్పుటకు అయిదుగురు నుపాధ్యాయులు, ఒక వైద్యుడు, లెక్కలు వ్రాయుట కొక కాయస్థుడు. సత్రమున బ్రాహ్మణులు మొదలు చండాలురవఱకు నెవ్వరు వచ్చినను అన్నము పెట్టవలెనని కట్టడ. పదుమూడవ శతాబ్దమున నొక తల్లి ప్రసవమునకు దగిన చోటు గావలెనని తలచిన యాలోచనకర్త మన దేశమున నుండెను. పాఠశాలయు నాసుపత్రియు నొకే యావరణమున నుండుట మిషను పనివారికి గ్రొత్త కాదు. కాని యట్టి తలంపు మన నేలపై నింత ప్రాచీనమైనదని యెఱుగుట మన కెల్లరకు సంతోషకరము. నేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సచివాలయ మా వెలగపూడియందే యుండుట యొక వింత.

శివదేవయ్య యనునాత డీ కాలమున బ్రసిద్ధుడైన మఱియొక మంత్రి. పురుషార్థసారమను నీతిగ్రంథ మాతని పేర జెల్లుచున్నది. గణపతిదేవునివద్దకు నెల్లూరునుండి కవి తిక్కన వచ్చిన కథ సిద్ధేశ్వరచరిత్రమున గలదు. తిక్కన మనుమసిద్ధి రాజునకు మంత్రి. దాయాదులు మనుమసిద్ధిని రాజ్యమునుండి వెడలగొట్టగా, తిక్కన ఓరుగల్లునకు వచ్చి గణపతిదేవుని మెప్పించి సహాయము వేడెను. కాకతీయ సైన్యము కదలి మనుమసిద్ధికి రాజ్యము మరల నిప్పించెను. మహాభారతము తెలిగించిన చేయియే దౌత్యమును నడపినది. చదువుకొన్నవాడు లోకవ్యవహారమునకు బనికిరాడనువారి కిది యుత్తరము.

గణపతిదేవుని తరువాత రుద్రమదేవి సింహాసన మెక్కినప్పుడు, స్త్రీకి లోబడియుండుట కొందఱు సామంతులకు రుచింపలేదు. అప్పు డామె పక్షమున నిలిచినవారిలో రేచర్ల ప్రసాదిత్యుని పేరు వెలుగోటివారి వంశావళి కీర్తించుచున్నది. కాని మంత్రి పదవియం దపాయమును గలదు. గంగయసాహిణి నమ్మకముగ గొలిచిన యా కాయస్థ వంశముననే పుట్టిన అంబదేవుడు రుద్రమదేవిపై దిరుగబడెను. 1289వ సంవత్సరపు చందుపట్ల శాసన మామె మరణమును దెలుపును. అంబదేవునితోడి యుద్ధముననే యామె మరణించియుండునని పెక్కుమంది చరిత్రకారుల యభిప్రాయము. బలమును, బిరుదును వంశపారంపర్యముగ సంక్రమించును గాని విశ్వాస మట్లు సంక్రమింపదు. ఇది యొక పాఠము.

ఇప్పుడు దూరదేశపు కొలువు నొకదానిని జూతము. జపాను చక్రవర్తి సభయందు మంత్రిపదవులన్నియు 701వ సంవత్సరపు తైహో శాసనగ్రంథముచేత నిర్ణయింపబడెను. సభ పేరు దైజోకన్. దానికి శిరస్సు దైజోదైజిన్ అను మహామంత్రి. అతని క్రింద ఎడమమంత్రి, కుడిమంత్రి యని యిరువురు. అచ్చట ఎడమవాడే పెద్ద. వారి క్రింద దైనాగోన్ అను పెద్ద యాలోచనకర్తలు. సభలో గూర్చుండి రాజ్యకార్యములను జర్చించుటయు, ప్రజల మనవిని చక్రవర్తికి, చక్రవర్తి యాజ్ఞను క్రిందివారికి జేర్చుటయు వారి పని. 705లో వారి సంఖ్యను తగ్గించి, మధ్యతరగతి యాలోచనకర్తలగు చూనాగోనులను మువ్వురను నియమించిరి. వారికి దిగువ సంగీలు, అనగా సభాసహాయకులు. వారు సామాన్యముగ నెనమండ్రు. ఈ నిచ్చెన 1885వ సంవత్సరమున నూతన మంత్రివర్గ మేర్పడువఱకు నేదో రూపమున నిలిచెను. కాకతీయుల కొలువున బదవులు మనిషిని బట్టి మాఱెను. జపానున మనిషి మాఱినను బదవి మాఱలేదు. ఆ యేర్పాటు చక్కనిదే. అయినను గొప్ప పదవులు క్రమముగ ఫుజివారా యను నొక్క వంశమువారి చేతికి జిక్కెను.

దాని ఫల మెట్టిదో యొక యుదాహరణము. సుగావారా నో మిచిజానే యనునాతడు పండితుల యింట బుట్టి, కేవలము విద్యచేతనే పైకి వచ్చి, 899లో కుడిమంత్రి యయ్యెను. ఫుజివారా వారి కది కంటగింపయ్యెను. నింద మోపి 901లో నాతనిని దూరమున దజాయిఫునకు బంపిరి. అచ్చటనే 903లో నాతడు మరణించెను. పిదప రాజధానియం దుపద్రవములు కలుగగా, సభవారు భయపడి యాతని పదవులను మరల నిచ్చి గుడి గట్టించిరి. నేటికిని జపాను విద్యార్థులు పరీక్షలకు ముందు విద్యాదేవతగ నాతనిని దలంతురు. జీవించియున్నప్పుడు వినవలసిన మాటను జనిపోయిన పిమ్మట బూజించిరి!

మన పరిశుద్ధ గ్రంథముననుగూడ నిట్టి వృత్తాంతము కలదు. సొలొమోను కుమారుడగు రెహబాము సింహాసన మెక్కగానే, ప్రజలు తమ భారమును దగ్గింపుమని వేడిరి. తండ్రి కొలువున నుండిన వృద్ధులు శాంతముగ మాటాడుమని చెప్పిరి. తనతో బెరిగిన పడుచువారు మఱింత కఠినముగ నుండుమని చెప్పిరి. రెహబాము రెండవ మాట వినెను. పండ్రెండు గోత్రములలో బది విడిపోయెను. వైజదండాధినాథుని యాలోచన యొక నాడును సంపాదించినది. రెహబాము స్నేహితుల యాలోచన రాజ్యమును జీల్చినది. దావీదు రాజు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ముఖాముఖిగ జెప్పగా, ఆ రాజు విని పశ్చాత్తాపపడెను. చెప్పువాని ధైర్యమునకు వినువాని దీనత్వము తోడైననే యాలోచన ఫలించును.

తుదకు కాకతీయ రాజ్యమునకు అంత్యకాలము వచ్చెను. 1323లో ఓరుగల్లు పడెను. చెఱపట్టబడిన ప్రతాపరుద్రుడు ఢిల్లీకి బోవుచు నర్మదాతీరమున మరణించెనని ప్రోలయనాయకుని విలస శాసనము చెప్పును. ఆతని యధికారులలో నొకడు ఢిల్లీకి గొనిపోబడి, మతము మార్చుకొని మలిక్ మక్బూలను పేర ప్రసిద్ధుడయ్యెను. మారన కవి మార్కండేయపురాణమును గృతి గొన్న నాగయ గన్నయయే యీతడని పండితులు తలంతురు. ఈతడు కొంతకాల మోరుగల్లునకే యధికారిగ బంపబడి, కాపయనాయకుని తిరుగుబాటుచేత మరలిపోయెను. 1351లో ఫిరోజుషా సుల్తానయినప్పుడు వజీరు, అనగా ప్రధానమంత్రి, యయ్యెను. ఖాన్-ఇ-జహాన్ తిలంగాని యని యాతని బిరుదు. ఆ కాలపు చరిత్రకారుడగు అఫీఫ్, ఈతనికి వ్రాయను జదువను రాదనియు, అయినను మహావివేకి యనియు వ్రాసెను. సుల్తాను దండయాత్రలకు బోయినప్పుడు రాజధాని యీ తెలుగువాని చేతిలో భద్రముగ నుండెను. ఆతని యెనిమిదికోణముల సమాధి నేటికిని ఢిల్లీలో నిజాముద్దీను ప్రాంతమున గలదు.

విద్యార్థులారా, ఇప్పుడు కోటలో రాజు లేడు. 1950 జనవరి 26వ తేదీనుండి మన రాజ్యాంగము నడచుచున్నది. అయినను మంత్రియొక్క పని పేరు మాఱలేదు. ఆ రాజ్యాంగముయొక్క 74వ యధికరణము ప్రకారము మంత్రిమండలి రాష్ట్రపతికి సహాయము చేయుటకును, సలహా నిచ్చుటకును నేర్పడినది. భేద మేమనగా, ఆ మంత్రిమండలి లోకసభకు, లోకసభ ద్వారా మనకు, జవాబుదారి. పూర్వము మంత్రి నేరుట రాజు వంతు. ఇప్పు డది మీ తలిదండ్రుల వంతు, కొలదియేండ్లలో మీ వంతు. జపానున ఫుజివారా వారివలె నొక్క యింటివారికే, ఒక్క కులమువారికే యీ పదవులు దక్కవలెనని చట్టము చెప్పదు; దక్కనిచ్చుటయు మానుటయు మన చేతిలోనే యున్నది.

అంతవఱకు నాలోచనకర్త పదవి మీకు లేదని తలంపవలదు. తోటివాడు పరీక్షలో జూచివ్రాయ బూనినప్పుడు వలదని చెప్పుట, పెద్దవారు మందలించినప్పుడు వినుట, మీ చేతి కప్పగింపబడినది తిరిగి యప్పగించుట, ఇవియే యా పదవికి మెట్లు. ఈ మాఱు కోటకు బోయినప్పుడు తోరణములక్రింద నొక నిమిషము నిలిచి, రాజు కూర్చుండిన చోటును గాక, రాజు ప్రక్కన గూర్చుండినవాని చోటును దలంచుకొనుడు. సింహాసనము కొందఱికే దొరకును. ఆ ప్రక్కచోటు, సత్యము చెప్పగలవాని కెప్పుడును ఖాళీగనే యుండును.